ఎం. వుకెలిచ్

గంట కొట్టడం అమృత పని. మూడు నిమిషాలు కాగానే చిన్న ఇనప సుత్తితో ఇత్తడి గంట మీద ఒక దెబ్బ. నిమిషం విరామం. మళ్లీ ఒక దెబ్బ. గోడకు కరెంటు టైమరు ఉంది కానీ కోచ్‌కి అదంటే పడదు. "యంత్రం మోగితే కుర్రాళ్లు వినరు. మనిషి కొడితే ఆగుతారు" అంటాడు మిలోరాద్ వుకెలిచ్. డెబ్బై ఏళ్లవాడు. సెర్బియా నుంచి వచ్చి, హామిల్టన్‌లో స్టీలు మిల్లు కొలిమి దగ్గర పనిచేసే రోజుల నుంచీ, రిటైరయ్యాక కూడా, బార్టన్ స్ట్రీట్ మీద టైర్ల షాపు వెనక ఈ బాక్సింగ్ క్లబ్ నడుపుతున్నాడు.

కాలేజీలో క్లాసులయ్యాక అమృత ఇక్కడికొస్తుంది. వచ్చినవాళ్ల పేర్లు రాసుకోవడం, రింగు మీద నెత్తురు పడితే బ్లీచింగ్ నీళ్లతో తుడవడం, చేతులకు చుట్టుకునే గుడ్డపట్టీలు ఉతికి ఆరేయడం, ఈ గంట. అనకాపల్లి నుంచి వచ్చిన పిల్ల మొదట్లో మొహం పక్కకు తిప్పుకుని ఆ నెత్తురు తుడిచేది. ఇప్పుడు చుక్క పడిన తీరు చూసి అది ముక్కుదో పెదవిదో చెప్పగలదు.

డెస్కు వెనక గోడ నిండా పద్నాలుగు ఫొటోలు. మోకాళ్ల దాకా బురద పూసుకున్న గోల్‌కీపరు. గాలిలోకి ఎగిరి బంతి విసరబోతున్న హ్యాండ్‌బాల్ అమ్మాయి. చెవులకు టోపీ కట్టుకుని నీళ్లలోంచి నడుం దాకా లేచిన వాటర్ పోలో ఆటగాడు. మెడ కనిపించని ఒక కుస్తీవాడు. కొన్ని సెర్బియా పత్రికల్లోంచి కత్తిరించినవి, కొన్ని కంప్యూటర్లోంచి ప్రింటు తీసినవి. అన్నిటి కిందా ఒకటే ఇంటిపేరు. కొత్తగా ఎవరొచ్చినా మిలోరాద్ వాళ్లని గోడ ముందు నిలబెట్టి ఒక్కొక్కరినీ పరిచయం చేస్తాడు.

"మీ చుట్టాలా?" అని అమృత చేరిన రోజున అడిగింది.

"వీళ్లలో ఒక్కరినీ నేను చూడలేదు. కానీ వుకెలిచ్‌లు" అన్నాడు ముసలాయన, ఆ జవాబు చాలన్నట్టు.

ఆగస్టులో మార్కో వచ్చి రిజిస్టరులో తన పేరు రాసినప్పుడు మిలోరాద్ ఆ గీత మీద వేలుపెట్టి రెండుసార్లు పైకి చదివాడు. ఇతనూ వుకెలిచే. ఓక్‌విల్‌లో కార్ల ఫ్యాక్టరీలో పని, ఇరవై ఏడేళ్లు, గుర్రంలాంటి భుజాలు. వీళ్ల ఊరూ వాళ్ల ఊరూ వేరు, తాతలు ముత్తాతలు ఎక్కడా కలవరు. అయినా మర్నాటి నుంచి మార్కోని ముసలాయన "మావాడు" అనడం మొదలుపెట్టాడు.

నవంబరు మొదటివారంలో నార్త్ యార్క్‌లో పోటీలున్నాయి. అరవై తొమ్మిది కిలోల బరువులో క్లబ్బు నుంచి ఒక్కరే వెళ్లాలి. దరఖాస్తు టైపు చేసింది అమృతే. అందులో మార్కో పేరు వేయమని చెప్పినప్పుడు ఆమె వేళ్లు కీబోర్డు మీద ఒక క్షణం ఆగాయి. ఆ బరువులో దీక్షిత్ ఉన్నాడు. నిజామాబాద్ కుర్రాడు, అమృత కాలేజీయే. ఏడాదిన్నరగా ఈ క్లబ్బులో చెమటోడుస్తున్నాడు. క్లబ్బులో అతన్ని ఓడించినవాడు లేడు.

దరఖాస్తు చూసి దీక్షిత్ చేతిపట్టీ చుట్టుకుంటూనే అన్నాడు, "పోనీలే, వచ్చే యేడు పోత." ఆ మాట తెలుగులో అన్నాడు కాబట్టి అమృతకి మాత్రమే అర్థమైంది.

ఆ మంగళవారం, అక్టోబరు పదిహేనో తారీకున, మార్కోకి ప్రాక్టీసు కోసం దీక్షిత్‌ని ఎదురుగా నిలబెట్టారు. ఆరు రౌండ్లు. చూడటానికి సెర్బియన్ చర్చి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నారు.

మొదటి రెండు రౌండ్లూ మార్కో తోసుకుంటూ వచ్చాడు. దీక్షిత్ తాళ్ల వెంబడి పక్కకు జరుగుతూ, దెబ్బలు మోచేతుల మీద కాస్తూ, మధ్యమధ్య ఎడంచేత్తో మొహం మీద ఒకటి తగిలించి తప్పుకుంటూ ఉన్నాడు. మూడో రౌండులో మార్కో కుడిచెయ్యి గట్టిగా విసిరాడు. అది దీక్షిత్ నెత్తి మీంచి పోయింది. కిందికి వంగినవాడు వంగినట్టే ఎడమ పిడికిలి మార్కో డొక్కలో దించాడు. తడి బస్తా నేలమీద పడినట్టు చప్పుడైంది. మార్కో నోరు తెరుచుకుంది, గాలి లోపలికి పోలేదు. ఒక మోకాలు నేలకానింది.

కుర్చీలో కూర్చున్న పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వాడు. పెద్దగా ఏం కాదు, ముక్కులోంచి వచ్చిన చిన్న నవ్వు. మార్కో తల తిప్పి ఆయనకేసి చూశాడు. ఆ చూపు అమృత చూసింది.

నాలుగో రౌండంతా మార్కో దీక్షిత్‌ని అందుకోలేకపోయాడు. గడియారం చూసి అమృత గంట కొట్టింది. దీక్షిత్ చేతులు దించి, తన మూల వైపు తిరిగి, నోట్లోంచి పళ్లతొడుగు గ్లవ్‌లోకి ఉమ్మాడు.

మార్కో పక్కనుంచి వచ్చి కొట్టాడు.

ఆ చప్పుడు గ్లవ్ చప్పుడులా లేదు. లోపల ఏదో విరిగిన చప్పుడు. దీక్షిత్ తాళ్ల మీద పడ్డాడు. కింద పడనివ్వకుండా మార్కో ఎడంచేత్తో అతని మెడ వెనక అదిమి పట్టుకుని కుడిచేత్తో కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అమృత గంట కొట్టింది. మార్కో కొట్టాడు. అమృత ఆపకుండా గంట కొడుతూనే ఉంది, చెవులు గింగురుమంటున్నాయి, సుత్తి పిడి అరచేతిలో జారుతోంది. దీక్షిత్ చేతులు అప్పటికే వేలాడిపోయాయి. హెడ్‌గార్డ్ కళ్ల మీదికి జారిపోయింది. కొట్టిన ప్రతిసారీ నోట్లోంచి నెత్తురు తీగలా సాగి తాడు మీద పడుతోంది.

మిలోరాద్ రింగు పక్కనే ఉన్నాడు. భుజం మీద తువ్వాలు. సెర్బియన్‌లో ఒక్కమాట అన్నాడు, మెల్లిగా. కదల్లేదు.

అమృత సుత్తి చేతిలో ఉండగానే తాళ్ల మధ్యనుంచి దూరి రింగులోకి వెళ్లి మార్కో చెయ్యి పట్టుకుంది. అతను చూడకుండానే మోచెయ్యి విసిరాడు. ఆమె వెల్లకిలా పడింది. తల కాన్వాసుకు కొట్టుకుని ఒక్క క్షణం పైన ట్యూబులైట్లు రెండుగా కనిపించాయి. లేచి చూసేసరికి మార్కో ఆపేశాడు. ఎవరూ ఆపలేదు. చెయ్యి నొప్పెట్టి ఆపాడు. దీక్షిత్ బోర్లా పడి ఉన్నాడు.

మిలోరాద్ అప్పుడు రింగెక్కాడు. దీక్షిత్‌ని దాటుకుని మార్కో దగ్గరికి వెళ్లి, అతని కుడిచేతి గ్లవ్ తాడు విప్పి, పట్టీ ఊడదీసి, కణుపుల్ని ఒక్కొక్కటే బొటనవేలితో నొక్కి చూశాడు. "నొప్పా? ఇక్కడ? ఇక్కడ?" అని అడిగాడు.

దీక్షిత్ తలని అమృత తన ఒళ్లోకి తీసుకుంది. దవడ ఉండాల్సిన చోట లేదు, పక్కకు జరిగి ఉంది. అతను ఏదో అనబోతే నోట్లోంచి నెత్తుటి బుడగ వచ్చింది.

"మాట్లాడకు. కదలకు" అంది. టాక్సీకి ఫోన్ చేయడానికి స్క్రీన్ మీద వేలు ఆనడంలేదు, తడిగా ఉండి. వేలు చున్నీకి తుడుచుకుని మళ్లీ నొక్కింది.

అతన్ని హాస్పిటల్లో చేర్చి, ఎక్స్‌రేకి తీసుకెళ్లాక ఆమె మళ్లీ క్లబ్బుకి వచ్చింది. అతని బ్యాగూ, ఇన్సూరెన్స్ కార్డూ అక్కడే ఉండిపోయాయి. అప్పటికి అందరూ వెళ్లిపోయారు, తాళం చెవి ఆమె దగ్గర ఒకటుంది. కార్డు తీసుకుని, డెస్కు సొరుగులోంచి దెబ్బల రిజిస్టరు బయటికి లాగింది. క్లబ్బులో ఎవరికి చిన్న గాయమైనా అందులో ఎక్కించాలని నియమం. అందులో పేరు గడి ఇరుకు, అందుకని ఎప్పుడూ పొడి అక్షరం, ఇంటిపేరు. ఆమె రాసింది. నాలుగో రౌండు ముగిసింది, గంట మోగింది, గంట తర్వాత ఎం. వుకెలిచ్ కొట్టాడు, ఎనిమిది తొమ్మిది దెబ్బలు, దవడ విరిగింది. కింద తన సంతకం పెట్టింది. సంతకంలో వేలిముద్ర కూడా పడింది, ఎర్రగా.

బుధవారం ఆపరేషన్ చేసి దవడకు తీగలు కట్టారు. మధ్యాహ్నం అమృత వెళ్లేసరికి దీక్షిత్ దిండ్లకు జారగిలబడి ఉన్నాడు. మొహం ఒకవైపు కుండలా వాచింది, కన్ను గీతలా మిగిలింది. మణికట్టుకు కట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద ఇంటిపేరు ఉండాల్సిన చోట అతని పేరే ఉంది, పేరు ఉండాల్సిన చోట తెలియదని అర్థం వచ్చే మూడు ఇంగ్లీషు అక్షరాలు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసినందుకు ఈ దేశంలో అతనికి మిగిలింది అదీ. క్లబ్బులో చేరినప్పుడు ఆ కాగితం చూసి మిలోరాద్ నవ్వుతూ వీపు తట్టాడు. "ఇంటిపేరు లేనివాడివా? పాపం" అన్నాడు.

దీక్షిత్ ఫోన్ తీసి టైపు చేశాడు. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో.

"సైకిల్ మీదికెల్లి పడ్డ అని చెప్పిన. నువ్వు గూడ గదే చెప్పు."

అమృత చదివి అతనికేసి చూసింది. "వాళ్లు నమ్మారా?"

"నమ్మలే. నర్సు రెండుసార్లు అడిగింది."

"ఎందుకు చెప్పావ్ అలాగ? నీ తప్పేటుంది?"

అతను చాలాసేపు టైపు చేశాడు. చెరిపి మళ్లీ చేశాడు. గోడౌన్‌లో పని, అది కాక క్లబ్బులో చాకిరీ, కలిపితే స్టూడెంట్లకిచ్చిన వారం ఇరవై గంటలు ఎప్పుడో దాటినయ్. ఎంక్వయిరీ అంటే అన్నీ బయటికొస్తయ్. స్టడీ పర్మిట్ పోతే ఏం జేయాలె?

చివర్లో ఇంకో లైను వచ్చింది. "కోచ్ ఏమన్న అన్నడా?"

అమృత కిటికీ వైపు చూసింది. నిన్న కోచ్ ఏం చేశాడో ఇతనికి తెలియదు, బోర్లా పడి ఉన్నాడు.

"నేనింకా కలవలేదు" అంది.

గురువారం ఆమె క్లబ్బుకి వెళ్లేసరికి రింగు కాన్వాసు కడిగేసి ఉంది. మరక మాత్రం పోలేదు, గోధుమరంగులో పెద్ద ఆకులా ఉంది. చన్నీళ్లతో కడగాల్సింది వేణ్నీళ్లతో కడిగారు. మూలన గొలుసుకు వేలాడే గుద్దుల సంచి దగ్గర మార్కో ఎడంచేత్తో మాత్రమే కొడుతున్నాడు. కుడిచేతికి మంచుగడ్డల సంచి కట్టి ఉంది.

మిలోరాద్ డెస్కు మీద గిన్నె పెట్టి మూత తీశాడు. చిక్కుడుగింజల సూపు, ఇంట్లో వండినది. ప్రతి గురువారం ఆమెకోసం తెస్తాడు. మాంసం లేకుండా వేరే కుండలో.

"తిను" అన్నాడు. ఆమె తినలేదు. ఆయన సొరుగు తెరిచి రిజిస్టరు తీసి ఆమె రాసిన పేజీ దగ్గర తెరిచిపెట్టాడు.

"రేపు మూడింటికి బాక్సింగ్ అసోసియేషన్ నుంచి ఒకావిడ వస్తోంది. మంగళవారం వచ్చిన ఇద్దరిలో ఎవరో నోరు జారారు. ఈ పేజీ చింపమనను. చింపితే తెలుస్తుంది. కింద ఇంకొక్క మాట చేర్చు. గంట వినపడలేదు అని."

"వినపడింది కోచ్. నేను ఆపకుండా కొట్టాను. మీరు పక్కనే ఉన్నారు."

ముసలాయన గరిటె గిన్నెలో అటూ ఇటూ తిప్పాడు. "వాడు కుర్రాడు. రెండు వారాల్లో పోటీ. నలభై ఏళ్లుగా ఈ రింగు నుంచి ఆ పేరుతో ఒక్కడు వెళ్లలేదు. నాకు కొడుకులు లేరు, నీకు తెలుసుగా."

ఆయన గొంతులో దబాయింపు లేదు. అదే ఆమెకి కష్టంగా ఉంది. నిరుడు చలికాలంలో ఆమె అద్దెగదిలో హీటరు పాడైతే, తన ఇంటినుంచి హీటరు మోసుకొచ్చి బిగించి వెళ్లిన మనిషి. ఇప్పుడు కూర్చున్న ఇంతసేపట్లో దీక్షిత్ ఎలా ఉన్నాడని ఒక్కసారి అడగలేదు.

"నేను రాయలేను" అంది.

మిలోరాద్ తల ఊపి రిజిస్టరు మూసేశాడు. గిన్నె ఆమె ముందే వదిలేసి లోపలికి వెళ్లాడు.

ఆమె పట్టీలు ఆరేస్తుంటే వెనకనుంచి సంచి గొలుసు కిర్రుమంది. తిరిగేలోపు నలభై కిలోల సంచి ఊగుతూ వచ్చి భుజానికి తగిలింది. గోడకు గుద్దుకుంది ఆమె. మార్కో సంచిని పట్టి ఆపాడు.

"చూసుకోలేదు" అన్నాడు. దగ్గరకొచ్చాడు. మంచు కరిగి అతని వేళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. "ఈ దేశంలో ఇంకెన్నాళ్లుంటావు నువ్వు? వీసా ఎప్పటిదాకా?"

అమృత మిగిలిన పట్టీలన్నీ ఆరేసింది. ఒక్కొక్కటీ నలగకుండా లాగి, చివర్లు కలిపి, క్లిప్పు పెట్టి. ఇంటికెళ్లి చూసుకుంటే భుజం కమిలి నల్లబడింది.

శుక్రవారం వచ్చినావిడకి యాభై ఏళ్లుంటాయి. పొట్టి జుట్టు, చేతిలో ఫైలు, గొంతులో తొందర లేదు. రింగు చుట్టూ తిరిగి మరక దగ్గర ఆగింది. తాడు మీద వేలు రాసి చూసుకుంది. డెస్కు దగ్గర కూర్చుని రిజిస్టరు తెరిచి ఆ పేజీ రెండుసార్లు చదివింది. మార్కో రాలేదు. ఫ్యాక్టరీలో షిఫ్టు ఉందన్నాడట.

"ఎం. వుకెలిచ్" అని చదివి తలెత్తింది. "ఎవరు?"

"నేనే" అన్నాడు మిలోరాద్.

అమృత ఉలిక్కిపడి చూసింది. ముసలాయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, గడ్డం నున్నగా గీసి ఉంది.

"మిలోరాద్ వుకెలిచ్. నేనే కుర్రాడికి కొత్త పద్ధతి నేర్పుతూ కొట్టాను. గంట మోగాక. ముసలాణ్ని, చెయ్యి ఆగలేదు. నా లైసెన్సు తీసేసుకోండి."

ఆవిడ పెన్ను రాయలేదు. గోడ మీది ఫొటోలన్నిటినీ ఒకసారి చూసింది. తర్వాత మిలోరాద్ చేతుల్ని చూసింది. బల్ల మీద పక్కపక్కన పెట్టి ఉన్నాయి, ఎక్కడా ఒక గీరు లేదు.

"ఇది రాసింది నువ్వేనా?" అని అమృతని అడిగింది.

"నేనే."

"నువ్వు రాసిన ఎం. వుకెలిచ్ ఈయనేనా?"

అవునంటే చాలు. తప్పు ముసలాయన మీదికి పోతుంది, దీక్షిత్ సైకిల్ కథ నిలబడినా నిలబడకపోయినా పర్మిట్ జోలికి ఎవరూ పోరు, తన భుజం మీద కమిలిన మచ్చ తగ్గిపోతుంది. మిలోరాద్ ఆమెకేసి చూడటంలేదు. కానీ వింటున్నాడని చెవి వెనక బిగిసిన నరం చెబుతోంది. మంగళవారం దీక్షిత్‌ని దాటుకుంటూ వెళ్లిన ఆ కాలు ఆమెకి కళ్ల ముందు కదిలింది. ఎత్తి, అవతల పెట్టి, మళ్లీ రెండో కాలు ఎత్తి. గుమ్మం దాటినట్టు.

"కాదు" అంది అమృత. "మార్కో వుకెలిచ్. ఈయన కొట్టలేదు. ఈయన పక్కన నిలబడి చూశారు."

మొత్తం చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆగి నీళ్లు తాగింది. దీక్షిత్ పేరు వచ్చినచోట మాత్రం, "అతను భయపడి వేరేలా చెప్పాడు. అతన్ని ఇబ్బంది పెట్టకండి" అంది. ఆవిడ రాసుకుంది. బయటికెళ్లి ఫోన్‌లో మాట్లాడి వచ్చింది. మార్కో పేరు పోటీల్లోంచి ఆ నిమిషానే తీసేశారు, ఫ్యాక్టరీకి ఫోన్ చేసి అతనికీ చెప్పారు. విచారణ అయ్యేదాకా క్లబ్బు మూసి ఉంచాలి.

కాగితాలన్నీ పూర్తిచేసుకుని గంట తర్వాత ఆవిడ కారు వెళ్లిపోయాక మిలోరాద్ లైట్లు ఒక్కొక్కటే ఆర్పాడు. "ఇంటికి పో" అన్నాడు అమృతతో, మొహం చూడకుండా.

ఆమె వెనక తలుపు తీసి పార్కింగులోకి వచ్చింది. మబ్బు పట్టి సన్నగా తుప్పర పడుతోంది. మార్కో ట్రక్కు అప్పటికే అడ్డంగా ఆగి ఉంది. ఫ్యాక్టరీ చొక్కాతోనే దిగాడు.

ఆమె వెనక్కి తిరిగేలోపు కోటు కాలరు పట్టుకుని ట్రక్కు తలుపుకేసి కొట్టాడు. వెన్నెముక ఇనుముకి తగిలింది. మళ్లీ లాగి మళ్లీ కొట్టాడు. పెదవి పంటి కింద తెగి నోట్లో ఉప్పగా అయింది.

"ఫోన్ తీయి. అబద్ధం చెప్పానని చెప్పు. ఇప్పుడే."

ఆమె తల అడ్డంగా ఊపింది. అతను కాలరు బిగించాడు, గాలి ఆడలేదు. ఆమె గోళ్లతో అతని మణికట్టు గీరింది, కుడిచెయ్యి, వాచిన చెయ్యి. అతను బూతు తిట్టి చెంప మీద కొట్టాడు.

"వదులు" అని వెనకనుంచి వినిపించింది.

మిలోరాద్ తలుపులో ఉన్నాడు. మెట్లు దిగి వచ్చాడు. డెబ్బై ఏళ్ల మనిషి ఇద్దరి మధ్యకీ దూరి మార్కో ఛాతీ మీద అరచెయ్యి పెట్టాడు.

"కొట్టింది నువ్వేనని చెబుతానని రాత్రే నాతో అన్నావుగా" అన్నాడు మార్కో. "మళ్లీ చెప్పు. ఇదెవత్తి మనకి? రేపు పోతుంది. పేరు మనది."

"ఆడపిల్లని వదులు."

మార్కో వదిలాడు. వదిలిన ఆ చేత్తోనే ముసలాయన మొహం మీద కొట్టాడు. పూర్తి భుజం వేసి, కాలు తిప్పి, ఆయన నేర్పిన పద్ధతిలోనే. మిలోరాద్ వెనక్కి పడ్డాడు. కట్టుడు పళ్లు ఊడి తారు మీద దూరంగా జారాయి. లేవబోయాడు, మోచేతుల మీద. మార్కో కడుపులో తన్నాడు. ముసలాయన మోకాళ్లు పొట్టలోకి ముడుచుకున్నాడు, కానీ అరవలేదు. రెండోసారి తన్నాడు. టైర్ల షాపులోంచి ఎవరో తలుపు తీసి ఏయ్ అని కేకేశారు. మార్కో అటు చూసి, ట్రక్కెక్కి, గేటు ఇనపస్తంభాన్ని గీరుకుంటూ వెళ్లిపోయాడు.

అమృత మోకాళ్ల మీద కూర్చుని పోలీసుల అత్యవసర నంబరు తొమ్మిది ఒకటి ఒకటికి ఫోన్ చేసింది. క్లబ్బు అడ్రసు చెప్పింది. కొట్టినవాడి పేరు అడిగారు. ఆమె నోరు తెరిచేలోపు మిలోరాద్ చెయ్యి చాచాడు. ఆమె ఫోన్ ఇచ్చింది.

"మార్కో" అన్నాడు ఆయన. పళ్లు లేక మాట ముద్దగా వస్తోంది, అందుకని అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు. ముందు పేరు, తర్వాత ఇంటిపేరు. ట్రక్కు రంగు, ఓక్‌విల్‌లో ఉండే వీధి. "ఈ మంగళవారం ఇంకో కుర్రాణ్ని కూడా కొట్టాడు. నేను చూశాను. సాక్షిని నేను. అదీ రాసుకోండి."

అవతల ఏదో అడిగారు. ఆయన తుప్పరలో కళ్లు మూసుకుని ఉన్నాడు. గడ్డం మీంచి నెత్తురు ఇస్త్రీ చొక్కా మీదికి కారుతోంది.

"ఏమీ కాడు" అన్నాడు. "ఇంటిపేరు ఒకటి. అంతే."

ఫోన్ తిరిగి ఇచ్చి, ట్రక్కు ఆగిన చోట ఇంకా తడవని తారుమీద పక్కకు ఒత్తిగిలి పడుకున్నాడు. అమృత చున్నీ మడిచి ఆయన తలకింద పెట్టింది. దూరంగా అంబులెన్సు మోత మొదలైంది. ఆయన కళ్లు తెరవకుండానే అడిగాడు.

"దీక్షిత్‌కి ఏ వైపు?"

ఆమెకి వెంటనే అర్థం కాలేదు.

"దవడ. ఏ వైపు విరిగింది?"

"ఎడమ" అంది అమృత. "రెండు చోట్ల. తీగలు కట్టారు. ఆరు వారాలు స్ట్రాతోనే తాగాలంట."

ముసలాయన తన ఎడమ దవడ మీద వేళ్లు ఆనించాడు. అంబులెన్సు వచ్చి ఆగేదాకా తియ్యలేదు.